ఎపిడారస్‌లో గుసగుస వినిపించదు

ఏడాదికి ఒకటి రెండుసార్లయినా ఫోన్లలో చక్కర్లు కొట్టే వీడియో ఒకటుంది. గ్రీసు దేశం, ఎపిడారస్ థియేటరు, మిట్టమధ్యాహ్నం ఎండ. నేల మీది వలయం నడుమ ఉన్న గుండ్రటి రాయి దగ్గర గైడు నిలబడి కాగితం చింపుతారు, నాణెం జారవిడుస్తారు, ఆఖర్న అగ్గిపుల్ల గీస్తారు. పై మెట్ల మీద కూర్చున్న యాత్రికులు వినపడిందని చేతులూపుతారు. కింద ఒక వ్యాఖ్య: మైకులు లేని రోజుల్లోనే ఇక్కడ గుసగుసలాడితే పద్నాలుగు వేల మందికి వినిపించేదట.

కాగితం, నాణెం సంగతి సగం నిజం. అగ్గిపుల్ల అనుమానమే. గుసగుస మాత్రం ఒట్టి మాట.

చిన్న అతిశయోక్తే కదా, పోనిద్దురూ అనవచ్చు. చిక్కెక్కడంటే, అంతా రాయే చేసేస్తుందని నమ్మినవాళ్లు, నటుడి మాట పై వరుసకి అందకపోగానే రెండో ఆలోచన లేకుండా మైకు అడుగుతారు. గట్టిగా మాట్లాడటం నేర్చుకో అని నటుణ్ణి అడగరు, దగ్గు ఆపుకో అని పక్కవాణ్ణి అడగరు. ఆ కట్టడం గొంతుని పెంచదు. ఉన్న గొంతుని పాడుచేయకుండా పైదాకా చేరుస్తుంది, అంతే. మిగతా పని నటుడిదీ ప్రేక్షకుడిదీ. అందుకే మాటే ప్రాణమైన గ్రీకు విషాదనాటకానికి అక్కడ మైకు పెట్టకూడదన్నది నా అభిప్రాయం. ఈ అభిప్రాయంలో నాకే నచ్చని చోట్లు కొన్ని ఉన్నాయి, అవీ చెప్తాను.

రాయి చేసే పని

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దం చివర్లో, వైద్యదేవుడు అస్క్లీపియస్ క్షేత్రం పక్కన, కొండవాలుని చెక్కి కట్టిన థియేటరు ఇది. మొదట కట్టింది కింది 34 వరుసలే. పైన ఉన్న 21 వరుసలు తర్వాత, క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో చేర్చారని ఎక్కువమంది పండితుల మాట. మొత్తం 55. కింది భాగాన్ని 12 ముక్కలుగా, పై భాగాన్ని 22 ముక్కలుగా మెట్లదారులు విడదీస్తాయి. రోమన్ల కాలంలో చాలా గ్రీకు థియేటర్లని కత్తియుద్ధాల కోసం కోసి కుట్టారు; దీన్ని పెద్దగా ముట్టుకోలేదు. తర్వాత కొండ మీది మట్టి జారి కప్పేసింది, చుట్టుపక్కల రాళ్లు మోసుకుపోయే పెద్ద ఊరు లేదు. 1881లో పురావస్తు పరిశోధకుడు కవ్వాడియాస్ తవ్వకం మొదలుపెట్టేసరికి మెట్లు చాలావరకు ఎక్కడివక్కడే ఉన్నాయి. పోయింది నటుల వెనక ఉండే భవనం. పునాదులు తప్ప దాంట్లో ఏమీ మిగల్లేదు. ఈ లోటు సంగతి గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్లీ పని పడుతుంది.

మెట్టు లోతు దాదాపు 75 సెంటీమీటర్లు, ఎత్తు 37 లోపు. అంటే వాలు సుమారు 26 డిగ్రీలు. రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్ చెప్పిన సూత్రం ఒకటుంది: అట్టడుగు మెట్టు నుంచి పై మెట్టు దాకా తాడు బిగించి లాగితే అది ప్రతి మెట్టు అంచునీ తాకాలి. ఒక్క మెట్టు ఎత్తు తగ్గినా దాని మీద కూర్చున్నవాడు ముందువాడి తల నీడలో పడతాడు. చూపు విషయంలో ఇది అందరికీ తెలుసు. శబ్దం విషయంలో మనకి అంతగా పట్టదు. చదునైన మైదానంలో జనం కూర్చుంటే గొంతు వాళ్ల తలల మీంచి రాసుకుంటూ వెళ్తుంది. బట్టలు, జుట్టు, భుజాలు దాన్ని వరుసవరుసకీ తినేస్తాయి. వాలు 26 డిగ్రీలుంటే ప్రతి చెవికీ నటుడి నోటినుంచి అడ్డులేని దారి దొరుకుతుంది. ఎపిడారస్ రహస్యంలో పెద్ద పాలు ఇదే. ఇంత మామూలు సంగతి కాబట్టి వీడియోల్లోకి ఎక్కదు.

రెండోది నేల. నటుడు ఆడే వలయం దాదాపు 20 మీటర్ల అడ్డం, గట్టిగా దిమ్మిసా చేసిన మట్టి. నోటినుంచి కిందికి పోయిన శబ్దం నేలని తాకి పైకి లేచి అసలు శబ్దంతో కలుస్తుంది. బాగా కలిస్తే మూడు డెసిబెళ్లు (డెసిబెల్ అంటే శబ్దం స్థాయికి కొలత) లాభం. నేల మీద ఇసుకో, తివాచీయో, గడ్డో పరిచారంటే ఈ లాభంలో చాలా భాగం పోయినట్టే. అందంగా ఉంటుందని వలయమంతా ఏదో ఒకటి పరిచే దర్శకులు ఈ సంగతి తెలిసి చేస్తారో, తెలియక చేస్తారో.

మూడోది మెట్ల వల్ల వరుసవరుసకీ ఏర్పడే గాడులు. 2007లో అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు డెక్లెర్క్, డెకైజర్ లెక్కగట్టి చెప్పింది ఇది: ఒకే కొలతతో తిరిగి తిరిగి వచ్చే మెట్లు జల్లెడలా పనిచేస్తాయి, దాదాపు 500 హెర్ట్జ్ కంటే కింది శబ్దాలని అణచి, పైవాటిని ప్రేక్షకుల వైపు తిప్పి పంపిస్తాయి. గాలి హోరు, జనం గొణుగుళ్ల రొద చాలావరకు ఆ కింది భాగంలోనే ఉంటాయి. మనిషి గొంతు మూలస్వరం, అంటే అందులోని అట్టడుగు స్వరం కూడా అక్కడే ఉంటుంది కదా, అదీ పోదా? పోతుంది. కానీ పై స్వరాలు అందితే లేని మూలస్వరాన్ని మెదడే పూరించుకుంటుంది. చిన్న ట్రాన్సిస్టర్ రేడియోలో మగగొంతు మగగొంతులాగే వినిపించడం ఇలాంటిదే.

ఈ మూడింటిలో ఏదీ గొంతుని పెంచే యంత్రం కాదు. లెక్క వేసి చూద్దాం. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం ఆరు డెసిబెళ్లు పడిపోతుంది. మామూలు మాట మీటరు దూరంలో 60 డెసిబెళ్లు. ఆఖరి వరుస వలయం మధ్యనుంచి దాదాపు 60 మీటర్లు. అంత దూరానికి తగ్గుదల 35 పైచిలుకు, అంటే చేరేది పాతిక డెసిబెళ్లు. నిశ్శబ్దమైన రాత్రి ఆరుబయట ఉండే సద్దు కూడా పాతిక, ముప్ఫై మధ్యే. మాట సద్దులో కలిసిపోతుంది. గుసగుస మొదలవడమే నలభై లోపు. చేరేసరికి సున్నాకి దగ్గర. అదే సాధన చేసిన గొంతు 78 దాకా లేస్తే పైన 42 చేరుతుంది, నేల లాభం కలుపుకుంటే 45. సద్దు కంటే 15 ఎక్కువ. మాటలు విడివిడిగా తెలియడానికి ఇది సరిపోతుంది. నటుడి ఊపిరికీ పై వరుసకీ మధ్య ఉన్న మిగులు ఈ 15 డెసిబెళ్లే. ఎవరో చాక్లెట్ కాగితం విప్పితే ఆ చుట్టూ ఉన్న పదిమందికి అది ఖర్చయిపోతుంది.

కొలిచి చూసినవాళ్లు

2017లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం నుంచి వెన్‌మేకర్స్, హాక్ బృందం వెళ్లి ఇరవై మైకులతో, రోజులో వేర్వేరు వేళల్లో, వేల కొలతలు తీసింది. వాళ్లకి తేలింది: నాణెం పడినా, కాగితం చింపినా ఏదో చప్పుడైందని పైదాకా తెలుస్తుంది. అది నాణెమని, కాగితమని గుర్తుపట్టగలిగేది సగం దూరం వరకే. అగ్గిపుల్ల అంతకంటే తక్కువ. గుసగుస అర్థమయ్యేది ముందు వరుసల్లో వాళ్లకే. గట్టిగా మాట్లాడితేనే ఆఖరి వరుసకి మాటలు తెలుస్తాయి.

గ్రీసులో ఇది చాలామందికి రుచించలేదు. వాళ్ల అభ్యంతరాల్లో ఒకటి నాకు న్యాయంగానే తోస్తుంది. ఇందాక చెప్పిన వెనక భవనం ఇప్పుడు లేదు. ఉన్న రోజుల్లో నటుడి వీపు వెనక ఎత్తైన గోడ ఉండేది, వెనక్కి పోయే గొంతుని ముందుకు తిప్పి పంపేది. రాళ్ల అంచులూ ఇరవై మూడు శతాబ్దాల్లో అరిగాయి. కాబట్టి ఈనాటి కొలతలు ఆనాటి వినికిడికి సాక్ష్యం కావంటే ఒప్పుకోవాలి. కానీ గోడ కలిపేది మహా అయితే ఇంకో రెండు మూడు డెసిబెళ్లు. సున్నా దగ్గరున్న గుసగుసని అది లేపి నిలబెట్టదు. పైగా కొలతలు తీసింది ఖాళీ థియేటర్లో. జనం నిండితే ఆ గాడుల ముందు కాళ్లూ బట్టలూ వచ్చి కూర్చుంటాయి. రాయి తిప్పి పంపే శబ్దంలో కొంత వాటికే పోతుంది.

మరి గైడు విద్య ఎందుకు పారుతుంది? ఏం వినబోతున్నామో ముందే చెప్పారు కాబట్టి. అందరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు కాబట్టి. నాణెం చప్పుడు టంగుమని పొట్టిగా, సన్నగా, సద్దుని చీల్చుకుని వచ్చే రకం కాబట్టి. మాటలు అలాంటివి కావు.

వెళ్లేవాళ్లు సొంతంగా తేల్చుకోవాలంటే నాణెం జేబులోనే ఉంచుకోవచ్చు. పొద్దున గేటు తెరిచిన వెంటనే, బస్సులు రాకముందు వెళ్లాలి. ఒకరు మధ్యరాయి దగ్గర, ఇంకొకరు పదో వరుసలో. కిందవాళ్లు ఒకదానికొకటి సంబంధం లేని ఇరవై మాటలు చదవాలి: పాల, బాల, తాళం, దానం, సారె, చారు... వాక్యాలు వద్దు, వాక్యమైతే వినపడని మాటని అర్థంతో ఊహించేసుకుంటాం. పైవాళ్లు విన్నది విన్నట్టు రాసుకోవాలి. తర్వాత 34వ వరుసకి, ఆ తర్వాత 55కి ఎక్కి, ప్రతిసారీ కొత్త మాటలతో ఇదే మళ్లీ. మామూలు గొంతుతో ఒకసారి, గట్టి గొంతుతో ఒకసారి. పైకి పోయేకొద్దీ అచ్చులు నిలబడి హల్లులు రాలిపోవడం కాగితం మీదే కనబడుతుంది. పాల కాస్తా బాల అవుతుంది, తాళం కాస్తా ఆళం అవుతుంది.

మధ్యరాయి మీద ఇంకో మోసం ఉంది. వలయం కేంద్రం కాబట్టి మెట్లనుంచి తిరిగొచ్చే శబ్దమంతా అక్కడే కూడుతుంది. మొదటి వరుసనుంచి 70 మిల్లీసెకన్లకి, ఆఖరి వరుసనుంచి సెకనులో మూడో వంతుకి తిరిగొస్తుంది. అక్కడ నిలబడ్డవాడికి తన గొంతు దేవుడి గొంతులా వినిపిస్తుంది. పొంగిపోయి స్థాయి తగ్గిస్తాడు. తనకి మోగినట్టే అందరికీ మోగుతోందని అనుకుంటాడు. ఆ రాయినుంచి రెండడుగులు పక్కకి జరిగితే భ్రమ చాలావరకు వదిలిపోతుంది.

భరతుడు ఒప్పుకోడు

నా వాదనకి అసలైన ప్రత్యర్థి మైకు అమ్మేవాడు కాదు, భరతుడు. నాట్యశాస్త్రం రెండో అధ్యాయంలో నాటకశాల కొలతలు చెబుతూ, మనుషులకి 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు చాలంటాడు. అంతకంటే పెద్దది కడితే రెండు నష్టాలు: మాట చెదిరి వికారమవుతుంది, ముఖంలో పలికే భావం ప్రేక్షకుడికి అందదు. ఆ 64లో సగం రంగానికీ తెర వెనక గదులకీ పోతుంది. ప్రేక్షకులకి మిగిలేది 32 హస్తాలు, అంటే 48 అడుగులు, పదిహేను మీటర్లకి కాస్త తక్కువ. ఎపిడారస్‌లో వలయం మధ్యనుంచి కొలిస్తే పన్నెండు మీటర్లకి గానీ మొదటి వరుసే రాదు. భరతుడి ఆఖరి ప్రేక్షకుడు కూర్చునే దూరానికి అక్కడ ఇంకా గౌరవాసనాలు దాటి నాలుగు వరుసలైనా కాలేదు.

భరతుడి ప్రకారం ఈ థియేటరు కట్టడమే తప్పు. ఆయన చెప్పిన నష్టాలు రెండూ అక్కడ కళ్లెదుటే ఉన్నాయి. ఆఖరి వరుసనుంచి చూస్తే నటుడి నిలువెత్తు మనిషి, చాచిన చేతి బొటనవేలి వెడల్పు కంటే తక్కువ. కూచిపూడి కనుబొమ్మ ఆ దూరాన లేనట్టే లెక్క. సాత్త్వికం, అంటే లోపలి భావాన్ని పైకి పలికించే అభినయం, అక్కడ బతకదు.

గ్రీకులు ఇది తెలియక కట్టలేదు. వాళ్ల సమాధానం వేరు. ముఖం కనబడదు కాబట్టి ముఖాన్నే వదులుకున్నారు: ముసుగు తొడిగారు. గుడ్డ గట్టిపరిచి చేసిన తేలికైన ముసుగులు. ఒక్కటీ మిగల్లేదు, కాబట్టి అవి మెగాఫోన్లలా పనిచేసేవన్న వాదనని నేను పెద్దగా పట్టించుకోను. ఒంటరి గొంతు చాలదు కాబట్టి పదిహేను మందితో కోరస్ (కలిసి పలికే బృందం) పెట్టారు. కథ ఊరందరికీ ముందే తెలుసు, కొన్ని మాటలు జారిపోయినా దారి తప్పరు. ఛందస్సు ఉంది, తర్వాతి అడుగు ఎక్కడ పడుతుందో చెవికి ముందే తెలుస్తుంది. భరతుడు మనిషి కొలతకి శాలని తగ్గిస్తే, వీళ్లు శాల కొలతకి నటననే మార్చారు.

ఇది మనకి మరీ కొత్తది కాదు. మైకు రాకముందు పద్యనాటకం ఆడినవాళ్లు సరిగ్గా ఇదే చేశారు. రాగం తీయడం కేవలం సంగీతాభిమానం కోసమని నేను అనుకోను. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది, అచ్చుని సాగదీస్తే దూరం పోతుంది, పద్యం అందరికీ నోటికొచ్చింది కాబట్టి రాలిన హల్లులని ప్రేక్షకుడే పూరించుకుంటాడు. తర్వాత మైకు వచ్చింది. పైనుంచి రెండు మూడు మైకులు వేలాడదీసేసరికి యుద్ధానికి వచ్చిన కృష్ణుడైనా, వనవాసంలో ఉన్న ధర్మరాజైనా ముందుకొచ్చి దాని కింద నిలబడి పద్యం ఎత్తుకుని, అయిపోయాక వెనక్కి తగ్గడం అలవాటైంది. నటుడెక్కడ నిలబడాలో కథ బదులు తీగ నిర్ణయించింది.

మైకు గొడవ

ఎపిడారస్‌లో ఆధునిక కాలపు తొలి ప్రదర్శన 1938లో, సోఫోక్లిస్ 'ఎలెక్ట్రా'. జాతీయ నాటకసంస్థ తరఫున దర్శకుడు రొండీరిస్. కతీనా పాక్సినూ, ఎలేనీ పపడాకి ప్రధాన పాత్రలు. రొండీరిస్ కోరస్‌కి ఒక్క గొంతుగా, లయతో పలకడం నేర్పిన మనిషి. 1955 నుంచి ఏటా వేసవి ఉత్సవం నడుస్తోంది. ఆ తరం నటుల పలుకు ఇప్పుడు వింటే నాటకీయంగా, సాగదీసినట్టుగా అనిపిస్తుంది. అది అభిరుచి లోపమని నవ్వడం తేలిక. అరవై మీటర్ల దూరానికి హల్లు చేరాలంటే అచ్చుని సాగదీసి, హల్లు ముందు చిన్న ఎడం ఇచ్చి, నెమ్మదిగా పలకడం తప్ప వేరే దారి వాళ్లకి లేదు.

ఈమధ్య ప్రదర్శనల్లో చెంపకి అంటించే చిన్న మైకులు మామూలైపోయాయి. వాటి తరఫు వాదనలు చులకన చేయదగ్గవి కావు. ఇప్పటి నటులు కెమెరా ముందు పెరిగినవాళ్లు. మెల్లగా, లోలోపల మాట్లాడటంలో వాళ్లకి నిజమైన నేర్పుంది, దాన్ని పారేసి అరవమనడం ఏం న్యాయం? ప్రేక్షకుల్లో పెద్దవాళ్లు ఎక్కువ, వినికిడి తగ్గినవాళ్లు ఉంటారు. గాలి ఎదురు తిరిగిన రాత్రి ఎంతటి గొంతైనా ఓడిపోతుంది. ఈ మూడో మాటకి నా దగ్గర జవాబు లేదు. గాలి నటుడి వైపునుంచి మెట్ల మీదికి వీస్తే మేలు, మెట్ల వైపునుంచి వీస్తే శబ్దాన్ని పైకి వంచేసి ఆకాశానికి ఇచ్చేస్తుంది. దాన్ని ఎవరూ శాసించలేరు.

అయినా మైకు వద్దనడానికి కారణం పవిత్రత కాదు. దిక్కు. పై వరుసకి నటుడు బొటనవేలంత. పెదవుల కదలిక కనబడదు. వలయంలో ఒకేసారి పదిహేను ఇరవై మంది. ఎవరు మాట్లాడుతున్నారో చెప్పాల్సింది చెవే. 20 మీటర్ల వలయం అక్కడినుంచి దాదాపు 19 డిగ్రీల మేర కనిపిస్తుంది. ఎదురుగా వచ్చే శబ్దం దిక్కుని మన చెవులు ఒకటి రెండు డిగ్రీల తేడాతో పట్టగలవు. ఎడమనుంచి ఒక స్త్రీ గొంతు లేస్తే తల అటే తిరుగుతుంది. అదే గొంతు చెంప మైకులోంచి సౌండ్ మిక్సర్‌కి, అక్కడినుంచి వలయం అంచున పెట్టిన స్పీకర్ పెట్టెలకి పోతే, అందరి గొంతులూ ఒకే చోటినుంచి వస్తాయి. వాక్యం సగమయ్యేదాకా ఎవరి మాటో వెతుక్కోవడమే సరిపోతుంది. టీవీలో అయితే కెమెరా ముఖాన్ని చూపించి కాపాడుతుంది. ఇక్కడ ఎవరు కాపాడాలి?

సరిగ్గా చేస్తే ఇలా జరగదని ధ్వని ఇంజినీర్లు అంటారు. నిజమే, చేయవచ్చు, కానీ పని చాలా ఉంది. పై వరుసల కోసం దగ్గర్లో పెట్టె పెడితే, నటుడి అసలు గొంతు అక్కడికి చేరడానికి సెకనులో ఆరో వంతు, దాదాపు 175 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, ఆ పెట్టెని అంతకంటే ఇంకో 10, 15 మిల్లీసెకన్లు ఆలస్యం చేయాలి. అప్పుడు చెవి ముందొచ్చిన శబ్దానిదే దిక్కుగా తీసుకుంటుంది. లెక్క తప్పి పెట్టె శబ్దం ముందొస్తే నటుడు మాయమై పెట్టె మాట్లాడుతుంది. నటుడు వలయంలో ఆ చివరినుంచి ఈ చివరికి నడిస్తే ఈ లెక్క కూడా అతనితో నడవాలి. మైకుకి ఒక్కటి చొప్పున ట్రాన్స్‌మిటరు, బ్యాటరీ, ఒకదానితో ఒకటి కొట్టుకోని ఫ్రీక్వెన్సీ. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైనప్పుడల్లా కూత పెట్టకుండా ఇవ్వగల శబ్దం మూడు డెసిబెళ్లు తగ్గుతుంది. కోరస్ మొత్తానికి మైకులు తెరిస్తే ఒక్క మైకుతో పోల్చి పన్నెండు దాకా పోగొట్టుకున్నట్టు. జూలై వేడికి చెమట మైకు రంధ్రంలోకి దిగితే గొంతు దుప్పటి కింద మాట్లాడినట్టవుతుంది. కోరస్ నేల మీద పడి దొర్లే దృశ్యంలో బట్టల రాపిడి పిడుగులా వినిపిస్తుంది.

ఇంత తంటాలకి పెట్టే ఖర్చులో, శ్రమలో కొంత గొంతు సాధనకి పెడితే ఏమవుతుందన్నది నా ప్రశ్న. రెండు మూడు చిన్న నిర్ణయాలూ సాయపడతాయి. మాట పలికేటప్పుడు వీపు తిప్పకూడదు: నోటి వెనక్కి పోయే శబ్దంలో హల్లులు బాగా నలిగిపోతాయి. మెట్లు అర్ధవలయాన్ని మించి చుట్టుకుని ఉంటాయి కాబట్టి ముందుకొచ్చేస్తే రెండు చివర్ల వాళ్లకీ వీపే దక్కుతుంది. వలయంలో వెనక సగంలో నిలబడితే అందరూ ముందే ఉంటారు. వెనక సెట్టు వేస్తే గట్టి చెక్కతో గోడలా వేయాలి, గుడ్డ తెరలూ ఇనుప చట్రాలూ గొంతుని అడవికి వదిలేస్తాయి. పోయిన భవనం చేసిన పనిలో కొంతైనా ఆ చెక్క చేస్తుంది.

సంగీతానికి నేను ఇంత పట్టుబట్టను. 1960 ఆగస్టులో ఒపేరా గాయని మరియా కల్లాస్ 'నోర్మా' పాడింది ఇక్కడే. మొదటి రాత్రి వాన వచ్చి ప్రదర్శన ఆగిపోయింది, తర్వాతి రోజుల్లో జరిగింది. మరుసటి ఏడు 'మెడియా'. ఒపేరా గాయకుల గొంతు మైకు లేకుండా వాద్యబృందాన్ని దాటి వినపడటానికే తయారైంది, వాళ్ల సంగతి వేరు.

అనుపులో కూడా

నాగార్జునసాగర్ దగ్గర అనుపుకి వెళ్లినవాళ్లు ఇదే మాట విని ఉంటారు: మధ్యలో నిలబడి మెల్లగా మాట్లాడండి, పై మెట్టు మీద వినిపిస్తుంది. ఇక్ష్వాకుల కాలపు ఆ ఆరుబయలు రంగశాల జలాశయంలో మునిగిపోకుండా నాగార్జునకొండ లోయనుంచి తెచ్చి మళ్లీ కట్టారు. చోటు మారింది, చుట్టూ ఉన్న నేల తీరు మారింది, కాబట్టి ఇప్పుడక్కడ వినిపించేది క్రీస్తుశకం మూడో, నాలుగో శతాబ్దాల వినికిడికి రుజువు కాదు. అసలు గమనించాల్సింది ఇంకోటి. అక్కడ మెట్లు నాలుగు వైపులా ఉన్నాయి. మాట్లాడేవాడు ఎటు తిరిగినా ఒక వైపు వాళ్లకి వీపే. సంభాషణ నడిచే నాటకానికి అలాంటి కట్టడం కష్టం. మల్లయుద్ధానికీ, వాద్యాలకీ, నాట్యానికీ చక్కగా సరిపోతుంది. గ్రీకు థియేటరు ముద్ర అని మురిసిపోయేముందు ఈ తేడా చూడాలి. పరిమాణం చిన్నది కాబట్టి మెల్లగా మాట్లాడినా వినపడటంలో వింతేమీ లేదు.

వాడితే అరిగిపోదా

ఇంకో వైపు నుంచి వచ్చే ప్రశ్న: మైకు సంగతి అటుంచి, అసలు 2300 ఏళ్ల రాళ్ల మీద వేలమందిని కూర్చోబెట్టడమే తప్పు కాదా? అరవై కిలోల మనిషి పెన్సిల్ మడమ చెప్పుతో అడుగేస్తే, చదరపు సెంటీమీటరు మీద ఆ బరువంతా పడుతుంది; సున్నపురాయి అంచు పెచ్చు లేవడానికి అంతకంటే ఏం కావాలి. అందుకే గ్రీసులో ఇలాంటి చోట్ల ఎత్తుమడమలు నిషేధం. ఏథెన్స్‌లోని హెరోడెస్ అట్టికస్ థియేటర్లో మెట్ల అడుగుల నుంచి 27 కిలోల చూయింగ్‌గమ్ గీకి తీశారని పత్రికల్లో వచ్చింది. ఎపిడారస్‌లో నీళ్లు తప్ప తినుబండారాలు లోపలికి తేనివ్వరు.

అరుగుదల ఉంది, ఒప్పుకుంటాను. కానీ వేసవిలో వారానికి కొన్ని రాత్రులే, ఎక్కువగా శుక్ర శనివారాలు, అదీ చాలావరకు జూలై ఆగస్టుల్లో ఆడతారు. పగలంతా ఎక్కి దిగే యాత్రికులతో పోలిస్తే ఆ రాత్రుల ప్రేక్షకులు ఒకసారి ఎక్కి, రెండు గంటలు కదలకుండా కూర్చుని, ఒకసారి దిగుతారు. అరుగుదలే భయమైతే ముందు ఆపాల్సింది నాణేల ఆటని. నిజానికి వాడకం వల్లే కొన్ని పనులు జరుగుతాయి: వలయం చుట్టూ ఉన్న రెండు మీటర్ల కాలువలో యాభై అయిదు వరుసల వాననీళ్లూ దిగాలి, అది పూడితే నేల నానిపోతుంది. ప్రదర్శన ఉన్నచోట ఎవరో ఒకరు దాన్ని చూసుకుంటూ ఉంటారు.

ప్రదర్శన రాత్రి తొమ్మిదికి. ఏథెన్స్ నుంచి రోడ్డు మీద రెండు గంటల పైన. రాయి పగలంతా ఎండ తాగి ఉంటుంది, మెత్త తప్పనిసరి. టికెట్టు కొనేటప్పుడు రెండు చివర్ల ముక్కలు వద్దు, వెనక సెట్టుగోడ అక్కడ అడ్డొస్తుంది. కింది భాగంలో పదిహేనో వరుస నుంచి పాతిక లోపు, నడిమి ముక్కలైతే మేలు. పై భాగమే దొరికితే మొదటి పది నిమిషాలు ఏమీ వినపడటం లేదనిపిస్తుంది. కీచురాళ్లు సద్దుమణుగుతాయి, జనం కుదురుకుంటారు, చెవి ఆ స్థాయికి దిగుతుంది. అప్పుడు కోరస్ మాట్లాడుతున్నప్పుడు కళ్లు మూసుకుని, గొంతు ఎక్కడినుంచి వస్తోందో వేలితో చూపించండి. కళ్లు తెరిచాక వేలు మనిషి మీద ఉందా, వలయం అంచున ఉన్న నల్లపెట్టె మీద ఉందా చూసుకోండి.